సప్రెసర్ టీ సెల్స్ ట్యూమర్‌కి కాపలా ఎందుకు కాస్తాయి? అవి మన సెల్సే కదా

రాత్రి_చదువు:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫైనలియర్ చదువుతున్నా, ఇంకో పది రోజుల్లో సెమినార్ ఇవ్వాలి, టాపిక్ నేనే తీసుకున్నా, ట్యూమర్ మీద మన ఇమ్యూనిటీ ఎందుకు చల్లబడిపోతుంది అని. చదివితే క్లియర్ అవుతుందిలే అనుకున్నా, చదివే కొద్దీ ఇంకా చిక్కుపడిపోతోంది.

మొదటి డౌట్. లైబ్రరీలో దొరికిన ఒక పాత పుస్తకంలో సప్రెసర్ టీ సెల్స్ అని పెద్ద చాప్టరే ఉంది, అవి సీడీ8 సెల్స్ (సీడీ నంబర్లంటే సెల్ పైనుండే గుర్తు ప్రోటీన్లు) అని రాసుంది. కొత్త పుస్తకంలో ఆ మాటే లేదు, రెగ్యులేటరీ టీ సెల్స్ అంటున్నారు, అవేమో సీడీ4 అట. రెండూ ఒకటేనా, పేరు మార్చారా, లేక పాత పుస్తకమే తప్పా?

రెండోదే అసలు డౌట్. ట్యూమర్‌లో మ్యుటేషన్లు ఉంటాయి, కొత్త ప్రోటీన్ ముక్కలు సెల్ పైకి వచ్చి కనిపిస్తుంటాయి, వాటిని గుర్తుపట్టే కిల్లర్ టీ సెల్స్ కూడా లోపలిదాకా వెళ్తున్నాయి, బయాప్సీలో కనిపిస్తున్నాయి కూడా. మరి అక్కడిదాకా వెళ్ళి ఏమీ చేయకుండా ఎందుకు ఉండిపోతున్నాయి? సప్రెసర్ సెల్స్ ఆపుతాయి అని ఒక్క లైన్ రాసి వదిలేస్తున్నారు. ఎలా ఆపుతాయి? మన ఒంట్లో సెల్సే మనల్ని చంపే గడ్డకి కాపలా కాయడం ఏంటి, కంచే చేను మేసినట్టు ఉంది నాకైతే.

మూడోది, ఎలుకల్లో ఈ సెల్స్‌ని తీసేస్తే ట్యూమర్లు పోయాయి అని చదివా. అంత తేలిగ్గా అయితే మనుషులకి ఎందుకు చేయట్లేదు?

తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్. లింకులు వద్దు, అర్థమయ్యేలా మాటల్లో చెప్తే చాలు.


ట్రెగ్_ల్యాబ్:

నేను పీహెచ్‌డీ ఈ సెల్స్ మీదే చేస్తున్నా, అందుకని కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

కంచే చేను మేసినట్టు అన్నారు కదా, అక్కడినుంచే మొదలుపెడతా, ఆ ఒక్కటి సర్దుకుంటే మిగతావన్నీ దారిలో పడతాయి. కంచె చేను మేయట్లేదండి. కంచె తన పని తాను చేస్తోంది, కలుపు కంచె లోపల మొలిచింది, అదీ వచ్చిన చిక్కు. ట్యూమర్ బయటినుంచి వచ్చింది కాదు, మన సెల్‌లోంచే పుట్టింది, దాని ప్రోటీన్లలో చాలామటుకు మనవే, మ్యుటేషన్ వల్ల అక్కడక్కడా తేడా అంతే. సొంత టిష్యూ మీద దాడి జరగకుండా చూడటమే రెగ్యులేటరీ టీ సెల్స్ ఉద్యోగం, మేం ల్యాబ్‌లో ట్రెగ్స్ అంటాం. థైమస్‌లో (ఛాతీలో టీ సెల్స్ తయారయ్యే గ్రంథి) తయారయ్యేటప్పుడే మన సొంత ప్రోటీన్లని గట్టిగా గుర్తుపట్టే సెల్స్‌లోంచి ఇవి ఎంపికవుతాయి. కాబట్టి సొంత ప్రోటీన్లు దండిగా ఉన్న ట్యూమర్‌లో ఇవి చురుగ్గా ఉండటంలో వింతేమీ లేదు.

దానికితోడు ట్యూమర్ పిలిచి మరీ తెచ్చుకుంటుంది. ట్యూమర్ సెల్స్, దాని చుట్టూ చేరిన మాక్రోఫేజ్‌లు సీసీఎల్22 అనే కీమోకైన్, అంటే సెల్స్‌ని పిలిచే రసాయనం, వదులుతాయి, ట్రెగ్స్ మీద దాన్ని పసిగట్టే సీసీఆర్4 రిసెప్టర్ ఉంటుంది, ఆ వాసన పట్టుకుని వచ్చేస్తాయి. 2004లో ఓవేరియన్ క్యాన్సర్ ఉన్న 104 మంది పేషెంట్లలో చూపించిన విషయం ఇది, ట్యూమర్‌లో ట్రెగ్స్ ఎక్కువున్నవాళ్ళు తక్కువ కాలం బతికారు. మామూలుగా రక్తంలో సీడీ4 సెల్స్‌లో నూటికి 5 నుంచి 10 వరకు ట్రెగ్స్ ఉంటాయి, కొన్ని ట్యూమర్లలో అదే లెక్క 20, 30 దాటిపోతుంది.

ఇక ఎలా ఆపుతాయి అన్నది. ఒకే ఆయుధం అనుకోకండి, చాలా ఉన్నాయి, కానీ నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది సీటీఎల్ఏ-4, ట్రెగ్ పైనుండే ఒక ప్రోటీన్. కిల్లర్ సెల్ పని మొదలుపెట్టాలంటే డెండ్రిటిక్ సెల్ (శత్రువు ముక్కల్ని టీ సెల్స్‌కి చూపించే సెల్) దగ్గర రెండు సిగ్నల్స్ అందాలి, ఒకటి ఆంటిజెన్, అంటే గుర్తుపట్టాల్సిన ప్రోటీన్ ముక్క, రెండోది సీడీ80, సీడీ86 అనే మాలిక్యూల్స్ ఇచ్చే సిగ్నల్. కిల్లర్ సెల్ ఆ రెండోదాన్ని సీడీ28తో అందుకుంటుంది. ట్రెగ్ మీదున్న సీటీఎల్ఏ-4 అదే సీడీ80, 86లని సీడీ28 కంటే చాలా గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకుని ఊరుకోదు, డెండ్రిటిక్ సెల్ ఒంటిమీదనుంచి ఊడబెరికి తన లోపలికి లాగేసుకుంటుంది. 2011లో ఇది మైక్రోస్కోప్ కింద కళ్ళతో చూశారు. మొదటిసారి ఆ బొమ్మలు చూసినప్పుడు నేను చాలాసేపు అలాగే ఉండిపోయా. ఇప్పుడు డెండ్రిటిక్ సెల్ దగ్గర ఆంటిజెన్ ఉంది, రెండో సిగ్నల్ లేదు. ఆ స్థితిలో దాన్ని కలిసిన టీ సెల్ ఉత్సాహపడకపోగా మొద్దుబారిపోతుంది. మీరడిగిన, అక్కడిదాకా వెళ్ళి ఏమీ చేయలేకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

రెండోది తిండి లాక్కోవడం లాంటిది. కిల్లర్ సెల్స్ పెరగాలంటే ఐఎల్-2 అనే సిగ్నల్ ప్రోటీన్ కావాలి. ట్రెగ్స్ ఒంటినిండా సీడీ25 ఉంటుంది, ఐఎల్-2ని బలంగా పట్టే రిసెప్టర్‌లో భాగమే అది, పైగా ట్రెగ్ తనంతట తాను ఐఎల్-2 తయారుచేసుకోలేదు, దాని మాస్టర్ జీన్ ఫాక్స్‌పీ3 ఆ ఉత్పత్తిని మూసేస్తుంది, అందుకని పక్కవాళ్ళు చేసిందంతా తాగేస్తుంది, కిల్లర్‌కి మిగలదు.

నాకు చాలా ఆశ్చర్యమనిపించేది అడినోసిన్ సంగతి. సెల్స్ చచ్చిపోయేటప్పుడు వాటిలోని ఏటీపీ బయటికి కారుతుంది, ఇమ్యూన్ సిస్టమ్‌కి అది ప్రమాదం అని అరిచిన కేక లాంటిది. ట్రెగ్స్ మీద సీడీ39, సీడీ73 అనే ఎంజైములు ఉంటాయి, అవి ఆ ఏటీపీని ముక్కలు చేసి అడినోసిన్‌గా మార్చేస్తాయి, ఆ అడినోసిన్ కిల్లర్ సెల్ మీది రిసెప్టర్‌కి తగిలితే దాన్ని నిద్రపుచ్చుతుంది. అంటే కేకనే జోలపాట చేసేస్తున్నాయన్నమాట. ఐఎల్-10, టీజీఎఫ్ బీటా అనే అణిచే సిగ్నల్స్ వదలడం, పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌తో పక్క సెల్స్‌ని నేరుగా చంపేయడం ఇవి కూడా ఉన్నాయి, అవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి ఇక్కడ ఆపుతా.

ఒక్కటి మాత్రం సెమినార్‌లో తప్పక చెప్పండి. ట్యూమర్ గ్లూకోజ్ అంతా వాడేసి లాక్టిక్ యాసిడ్ కక్కుతుంది, ఆ పుల్లటి వాతావరణంలో కిల్లర్ సెల్స్ నీరసపడతాయి, ట్రెగ్స్ మాత్రం లాక్టేట్‌ని కూడా ఇంధనంగా వాడుకుని బతికేయగలవు. అక్కడి నేలే వాటికి అనుకూలంగా తయారై ఉంటుంది.

పాత పుస్తకం డౌట్‌కి పెద్దవాళ్ళెవరైనా జవాబిస్తే బాగుంటుంది, నేను పుట్టకముందు గొడవ అది.


పాత_మాస్టారు:

ఆ గొడవ నా కళ్ళముందే జరిగింది కాబట్టి నేను చెప్తాను. ఇమ్యునాలజీ పాఠం చెప్పి రిటైరయిన వాణ్ణి.

సప్రెసర్ టీ సెల్ అనే ఆలోచన 1970లో వచ్చింది, అమెరికాలో యేల్ యూనివర్సిటీలో గెర్షన్, కోండో అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో. అప్పటిదాకా టీ సెల్ అంటే ఇమ్యూనిటీని పెంచేదే అనుకునేవాళ్ళం, తగ్గించే టీ సెల్స్ కూడా ఉన్నాయని, ఒక ఎలుకలోంచి తీసి ఇంకోదానికి ఎక్కిస్తే ఆ శాంతం కూడా దానితోపాటే వెళ్తుందని వాళ్ళు చెప్పారు. తర్వాత పదేళ్ళు అందరూ దాని మీదే పడ్డారు. సప్రెసర్ సెల్‌కి గుర్తు ఐ-జే అనే మాలిక్యూల్ అన్నారు, దాని జీన్ ఎలుక ఎమ్‌హెచ్‌సీ అనే ఇమ్యూనిటీ జీన్ల గుంపులో ఫలానా చోట ఉందని మ్యాప్ గీశారు. మీ పాత పుస్తకంలో ఆ పేరు కూడా ఉండే ఉంటుంది చూడండి. 1980ల మొదట్లో ఆ చోటున్న డీఎన్ఏని క్లోన్ చేసి చూస్తే అక్కడ అలాంటి జీన్ పట్టే జాగానే లేదు. అంతే, ఒక్కసారిగా రంగం మొత్తం కుప్పకూలింది. గెర్షన్ కూడా 1983లోనే పోయారు. సప్రెసర్ అనే మాట పేపర్‌లో రాస్తే ఎవరూ అచ్చువేయని రోజులు వచ్చాయి. నేనూ ఆ చాప్టర్ ఎగరగొట్టేసి పాఠం చెప్పాను చాలా ఏళ్ళు, ఇప్పుడు తలుచుకుంటే బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఐ-జే తప్పు కానీ కింద ఉన్న గమనిక తప్పు కాదు.

క్యాన్సర్ వైపు చూస్తే మీ సెమినార్‌కి పనికొచ్చే పాత ప్రయోగం ఒకటుంది. 1980లో బెరెండ్ట్, నార్త్ అనేవాళ్ళు చేశారు. ట్యూమర్ పెరుగుతున్న ఎలుకకి, ఆ ట్యూమర్ మీద ఇమ్యూనిటీ వచ్చిన ఇంకో ఎలుక టీ సెల్స్ ఎక్కిస్తే ట్యూమర్ తగ్గలేదు. అదే, ట్యూమర్ ఉన్న ఎలుకలో ముందే టీ సెల్స్ లేకుండా చేసి తర్వాత ఎక్కిస్తే కరిగిపోయింది. అంటే లోపల ఉన్న టీ సెల్సే వచ్చిన సాయాన్ని అడ్డుకుంటున్నాయనేగా. తర్వాత నార్త్ సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చి కూడా ఇలాంటి ఫలితమే చూపించారు. రంగం కూలినప్పుడు ఇదీ మూలన పడిపోయింది.

జపాన్‌లో సకాగుచి మాత్రం వదల్లేదు. పుట్టిన మూడో రోజున థైమస్ తీసేసిన ఎలుకలకి సొంత అవయవాల మీదే దాడి జరుగుతుందని 1969లోనే జపాన్ వాళ్ళు రాశారు, ఆపే సెల్స్ ఏవో థైమస్‌నుంచి రావాలి కదా అని ఈయన పట్టుకున్నారు. 1995లో సీడీ25 ఉన్న సీడీ4 సెల్స్ తీసేసి మిగతావి ఎక్కిస్తే ఎలుకకి ఒళ్ళంతా ఆటోఇమ్యూన్ జబ్బులు వచ్చాయని, తీసినవి తిరిగి కలిపితే రాలేదని చూపించారు. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ బృందం ఫాక్స్‌పీ3 జీన్ కనిపెట్టారు, 2003లో ఆ జీనే ఈ సెల్స్‌కి తాళంచెవి అని తేలింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది.

కాబట్టి మీ డౌట్‌కి జవాబు, రెండూ ఒకటి కావు, అలాగని సంబంధం లేనివీ కావు. పని గురించి పాతవాళ్ళు చెప్పింది నిజం, సెల్ గుర్తులు తప్పు. పరువు పోయిన పేరు వద్దని కొత్త పేరు పెట్టుకున్నారు, అంతే.


కేర్‌గివర్_అన్న:

నేను సైన్స్ చదువుకోలే, కానీ మూడో డౌట్‌కి మా ఇంట్లనే జవాబు ఉంది కాబట్టి రాస్తున్నా. మా నాన్నకు కిడ్నీ క్యాన్సర్, ఇపిలిముమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులు రెండు కలిపి మూడు వారాలకొకసారి నాలుగు డోసులు అని మొదలుపెట్టిన్రు. ఇపిలిముమాబ్ అంటే మీరు పైన చెప్పిన సీటీఎల్ఏ-4ను ఆపే మందే అని డాక్టర్ బొమ్మ గీసి చెప్పిండు.

రెండో డోస్ అయినంక విరేచనాలు మొదలైనయి. రోజుకు మూడు నాలుగు సార్లే కదా, తిండి పడలేదేమో అని నాన్న చెప్పకుండ ఊకున్నడు, మేం కూడా రెండు రోజులు లైట్ తీసుకున్నం, మూడో రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు, రక్తం కూడా పడ్డది. అడ్మిట్ చేసిన్రు, కొలనోస్కోపీ చేసి పేగు వాచింది, మందు వల్ల ఇమ్యూనిటీ పేగు మీదికి తిరిగింది అన్నరు. స్టెరాయిడ్ ఎక్కించి తర్వాత వారాల కొద్దీ మెల్లమెల్లగ తగ్గించుకుంటూ వచ్చిన్రు. తర్వాత థైరాయిడ్ కూడా తగ్గింది, దానికి రోజూ గోళీ వేసుకుంటున్నడు. గడ్డ మాత్రం స్కాన్‌ల చిన్నగైంది.

ఆపే సెల్స్‌ని తీసేస్తే అయిపోయె కదా అని అడిగిన్రు కదా, అవి పేగుని, థైరాయిడ్‌ని కూడా కాపాడుతున్నయి అన్నది మాకు అట్ల తెలిసింది. ఈ మందులు వాడుతున్న వాళ్ళు ఎవరన్న చదువుతుంటే దండం పెట్టి చెప్తున్నా, విరేచనాలు, దమ్ము, దగ్గు, బాగా నీరసం, చర్మం మీద దద్దుర్లు ఏది వచ్చినా అదే రోజు ఫోన్ చేయండి. మాలెక్క రెండు రోజులు ఆగకండి.

నాకొక డౌట్ ఉండె, స్టెరాయిడ్ ఇస్తే ఇమ్యూనిటీ తగ్గుతది కదా, మరి క్యాన్సర్ మందు పని చేయదా?


ఆంకాలజీ_డ్యూటీ:

అన్నా, ముందు మీకు చెప్తా. సైడ్ ఎఫెక్ట్ వచ్చాక దాన్ని అదుపు చేయడానికి ఇచ్చే స్టెరాయిడ్ వల్ల మందు ఫలితం పోతుందని భయపడి తగ్గించడం, ఆపడం చేయకండి, డాక్టర్ చెప్పిన లెక్కలోనే తగ్గించుకోండి. అలా స్టెరాయిడ్ వాడిన చాలామందిలో ట్యూమర్ తగ్గుదల నిలబడింది, మీ నాన్నగారి స్కానే చూడండి. ఆ పరిస్థితిలో పేగుకి చిల్లు పడటం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

ఇక మూడో డౌట్. ఎలుకలో 1999లో సీడీ25 మీద యాంటీబాడీ ఇచ్చి ట్రెగ్స్ తీసేస్తే ట్యూమర్లు పోయిన మాట నిజమే, కానీ గమనించండి, యాంటీబాడీ ఇచ్చింది ట్యూమర్ సెల్స్ ఎక్కించకముందు. బాగా పెరిగిన ట్యూమర్ మీద అదే పని చేస్తే ఫలితం అంతగా రాలేదు. ఒక కారణం ఏంటంటే అప్పటికే రంగంలోకి దిగిన కిల్లర్ సెల్స్ మీద కూడా సీడీ25 వచ్చేస్తుంది, కాపలావాణ్ణి కొట్టబోతే మన సైనికుడికి కూడా తగులుతోంది. మన దగ్గరికి వచ్చే పేషెంట్లు అందరూ ట్యూమర్ పెరిగాక వచ్చేవాళ్ళే కదా.

ఒంట్లో మొత్తం ట్రెగ్స్ లేకుండా పోతే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. ఫాక్స్‌పీ3 పాడైపోయి పుట్టే మగపిల్లలకి ఐపెక్స్ అనే జబ్బు వస్తుంది, చంటి వయసులోనే షుగర్, ఆగని విరేచనాలు, ఒళ్ళంతా ఎగ్జిమా, ట్రాన్స్‌ప్లాంట్ లాంటిది చేయకపోతే చాలామంది బతకరు. పెద్ద ఎలుకల్లో ట్రెగ్స్‌ని ఒక్కసారిగా తుడిచేస్తే కొన్ని వారాల్లోనే చచ్చిపోయాయి. ఇంక మనిషిలో ఎవరు చేస్తారు.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. మొగములిజుమాబ్ అని సీసీఆర్4 మీద పనిచేసే మందు 2012లో జపాన్‌లో ఒక రకం టీ సెల్ లుకేమియాకి వచ్చింది, అందులో క్యాన్సర్ సెల్ మీదే సీసీఆర్4 ఉంటుంది కాబట్టి బాగానే పనిచేసింది. దాన్నే గడ్డలుగా పెరిగే ట్యూమర్లకి వాడి చూస్తే రక్తంలో ట్రెగ్స్ బాగా తగ్గాయి, ట్యూమర్లు మాత్రం అంతగా తగ్గలేదు. ఆ మందు తర్వాత వేరేవాళ్ళ బోన్ మ్యారో పెట్టించుకున్నవాళ్ళలో, వచ్చిన సెల్స్ పేషెంట్ ఒంటి మీద తిరగబడటం ఎక్కువైంది. ఐఎల్-2 కథ ఇంకోటి, 1992లో కిడ్నీ క్యాన్సర్‌కి పెద్ద డోసుల్లో ఆమోదం వచ్చింది, కిల్లర్ సెల్స్‌ని పెంచుదామని ఇస్తే ట్రెగ్స్ కూడా పెరుగుతాయి, అందుకే ఇప్పుడు అదే ఐఎల్-2ని చిన్న డోసుల్లో లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులకి ట్రయల్స్‌లో వాడి చూస్తున్నారు.

మాస్టారు చెప్పిన 1980 ప్రయోగం నిజానికి మూలన పడిపోలేదు సార్. ట్యూమర్‌లోంచి టీ సెల్స్ తీసి బయట పెంచి తిరిగి ఎక్కించే టిల్ థెరపీకి ముందు సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లూడారబిన్ ఇచ్చి పేషెంట్ లింఫోసైట్లని ఖాళీ చేస్తాం. 2024లో మెలనోమాకి అమెరికాలో ఆమోదం పొందిన టిల్ మందు కూడా అలానే ఇస్తారు. జాగా ఖాళీ చేసి ఎక్కిస్తే పనిచేస్తుంది అన్నది మీరు చెప్పిన ఎలుకల దగ్గర చూసిందే.

ఇప్పుడు అందరి కళ్ళూ సీసీఆర్8 అనే రిసెప్టర్ మీద ఉన్నాయి. ట్యూమర్ లోపలి ట్రెగ్స్ మీద అది ఎక్కువగా ఉంటుంది, రక్తంలో తిరిగేవాటి మీద తక్కువ, అంటే ట్యూమర్‌లో ఉన్నవాటినే ఏరి తీసేసి పేగునీ థైరాయిడ్‌నీ కాపాడేవాటిని వదిలేయొచ్చేమో అని ఆశ. ట్రయల్స్ నడుస్తున్నాయి.


అడిగేవాడు_77:

మరి ఇమ్యూనిటీ పెంచే పౌడర్లు, టానిక్‌లు తీసుకుంటే ఈ ట్రెగ్స్ తగ్గుతాయా?


ఆంకాలజీ_డ్యూటీ:

తగ్గవండి. ఇమ్యూనోథెరపీ మీద ఉన్నవాళ్ళయితే ఏ పౌడర్ అయినా డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు, లివర్ ఎంజైములు పెరిగితే మందు వల్లా పౌడర్ వల్లా అన్నది తేల్చలేక చావొస్తుంది మాకు.


రాత్రి_చదువు:

అందరికీ చాలా థాంక్స్ అండి, రెండు సార్లు చదివా. అన్నా, మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

ఇంకొక్కటి అడగనా. ట్రెగ్స్ ఎక్కువుంటే పేషెంట్ తక్కువ కాలం బతుకుతాడు అని ఓవేరియన్ క్యాన్సర్‌లో చెప్పారు. కానీ పెద్దపేగు క్యాన్సర్‌లో కొన్ని స్టడీస్‌లో ఫాక్స్‌పీ3 సెల్స్ ఎక్కువున్నవాళ్ళే బాగున్నారు అని చదివా. సెమినార్‌లో ఎవరైనా ఇది అడిగితే నేను నిలబడలేను.


ట్రెగ్_ల్యాబ్:

మంచి ప్రశ్న, ఇది అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

మనిషిలో ఫాక్స్‌పీ3 కనిపించిన ప్రతి సెల్లూ ట్రెగ్ కాదు, ఇది ఎలుకకీ మనిషికీ ఉన్న పెద్ద తేడా. మామూలు టీ సెల్ ఉత్సాహంగా ఉన్నప్పుడు కొద్దిసేపు ఫాక్స్‌పీ3 కొంచెంగా చూపిస్తుంది, అది ఎవరినీ ఆపదు, పైగా మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, పుట్టించే సైటోకైన్లు (సిగ్నల్ ప్రోటీన్లు) వదులుతుంది. స్లైడ్ మీద ఫాక్స్‌పీ3కి రంగు వేసి లెక్కపెడితే రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి, కలిపి లెక్కేస్తే లెక్క తప్పుతుంది. 2016లో పెద్దపేగు ట్యూమర్లని ఈ లెక్కన విడదీసి చూశారు, ఫాక్స్‌పీ3 తక్కువ మోతాదులో ఉన్న, ఆపని రకం సెల్స్ ఎక్కువగా ఉన్న ట్యూమర్ల వాళ్ళే మెరుగ్గా ఉన్నారు, ఆ ట్యూమర్ల లోపలికి పేగు బాక్టీరియా చొరబడి మంట పుట్టించడం దానికి సంబంధించినదని చూపించారు. పేగు అంటేనే బాక్టీరియాతో నిండిన చోటు, అక్కడి మంటే క్యాన్సర్‌ని పెంచే సందర్భాలూ ఉన్నాయి, అప్పుడు మంట చల్లార్చే ట్రెగ్ మేలు చేసినా చేయొచ్చు. కాబట్టి ఎవరైనా ట్రెగ్స్ మంచివా చెడ్డవా అని అడిగితే ఏ అవయవం, ఏ దశ, ఏ మార్కర్‌తో లెక్కపెట్టారు అని తిరిగి అడగండి, ఫాక్స్‌పీ3 ఒక్కటే చూశారంటే ఆ పేపర్‌ని కొంచెం జాగ్రత్తగా నమ్మండి, సీడీ45ఆర్ఏ అనే ఇంకో మార్కర్ కూడా కలిపి చూశారా అని చూడండి.


పాత_మాస్టారు:

డాక్టర్ గారూ, ఆ 1980 ప్రయోగం ఇప్పటి పేషెంట్ మంచం దాకా వచ్చిందని నాకు తెలియదు. చాలా సంతోషం. స్టూడెంట్ గారూ, ఒక చిన్న కోరిక, హిస్టరీ స్లైడ్ 1995తో మొదలుపెట్టకండి, గెర్షన్, కోండో పేర్లు కూడా వేయండి.


రాత్రి_చదువు:

వేస్తాను సార్. బెరెండ్ట్, నార్త్ ప్రయోగానికి కూడా ఒక స్లైడ్ పెడుతున్నా, దాని పక్కనే టిల్ థెరపీ బొమ్మ.